నున్నటి మోకాలు

ఫిబ్రవరి 11, సాయంత్రం 5

ముప్పై ఎనిమిదేళ్ళుగా కత్తి పడుతున్నాను. ఆడమనిషి కాలికి పెట్టడం ఇవాళే మొదలు. అదీ సొంత పెళ్ళాం కాలికి.

రేపు ఆవిడకు ఆపరేషన్. కుడి మోకాలి కీలు తీసేసి లోహంది పెడతారు. లైబ్రరీలో ఇరవై తొమ్మిదేళ్ళు నిచ్చెన ఎక్కుతూ దిగుతూ పుస్తకాలు సర్దిన మోకాలు. లోపల మెత్తటిదంతా అరిగిపోయి ఎముక ఎముకను రాసుకుంటోందట. వెయిటింగ్ లిస్టులో ఎనిమిది నెలలు ఉన్నాం. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి, పీతలాగా దిగేది. మొదట్లో నవ్వేవాణ్ణి. తరవాత నవ్వడం మానేశాను.

ఆస్పత్రి వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. ఆపరేషన్‌కు ముందు చేయవలసినవి, చేయకూడనివి. పన్నెండు లైన్లు. ఏడో లైను: ఆపరేషన్ జరిగే చోట వెంట్రుకలు మీరు తీయవద్దు. చదివాను. చదివి నవ్వుకున్నాను. అది పాత బ్లేడు పట్టుకుని పరపరా గీక్కునేవాళ్ళ కోసం రాసిన మాట. నా కోసం కాదు. బస్సు డ్రైవరుకు రోడ్డు ఎలా దాటాలో చెప్పినట్టుంది.

మూడింటికి షాపు బావమరిదికి అప్పజెప్పి ఇంటికి వచ్చాను. ఆవిడను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టించి, వేడి టవల్ చుట్టాను. కొత్త బ్లేడు వేశాను. బ్రష్‌తో నురగ పట్టించాను. మోకాలు గడ్డం లాంటిది కాదు. మడిస్తే ఒక ఆకారం, చాపితే ఇంకో ఆకారం. ఎడం చేత్తో చర్మం బిగబట్టి, వెంట్రుకల వాలు చూసుకుంటూ, తొడ సగం నుంచి పిక్క సగం దాకా చేశాను. నలభై నిమిషాలు పట్టింది. చివర్లో పటిక రుద్దాను. ఆవిడ చేతిలో పుస్తకం ఉంది గాని ఒక్క పేజీ కూడా తిప్పలేదు. మందు డబ్బా మీది చిన్నక్షరాలు కూడా వదలకుండా చదివే మనిషి.

ఒక్క గాటు పడలేదు. రేపు థియేటర్లో డాక్టరు ఆ కాలు చూసి ఎవరు చేశారని అడగాలి. అడుగుతాడు.

ఫిబ్రవరి 12, ఉదయం 7:10

ఒక నర్సు వచ్చింది. చేతిలో అట్ట, అట్ట మీద లిస్టు. పేరు, పుట్టిన తేదీ, ఏ కాలు, ఏం తిన్నారు, ఏం తాగారు, పళ్ళు కట్టుడివా, ఒకటే ప్రశ్నలు. ఆమెకు ప్రశ్నల నర్సు అని పేరు పెట్టాను. నాకు కర్టెన్ బయట స్టూలు చూపించింది. లోపల ఇద్దరూ ఏదో నవ్వుకున్నారు. తరవాత బయటికొచ్చి అంతా ఓకే అంకుల్ అని చెప్పి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం 1:30

అయిపోయింది. బ్రహ్మాండంగా జరిగింది అన్నాడు డాక్టరు. కాలు గురించి ఏమీ అడగలేదు. కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఇంత సంతోషంలో అదొక లెక్కా.

మార్చి 4

వాకర్‌తో వంటింటి దాకా వెళ్ళింది. టీ తనే పెట్టుకుంది. నాకు పెట్టలేదు.

ఏప్రిల్ 20

కర్ర లేకుండా షాపు దాకా నడిచి వచ్చింది. మూడు వీధులు! వచ్చి ఖాళీ కుర్చీలో దర్జాగా కూర్చుంది. బావమరిది ఊరుకుంటాడా, అక్కకు కేప్ కప్పి, కటింగా షేవింగా మేడమ్ అని అడిగాడు. నోరు ముయ్యరా అంది. అద్దంలో ముగ్గురం కనిపించాం. ముగ్గురం నవ్వుతున్నాం. ఇది రాసి పెట్టుకోవాలనిపించింది.

జూన్ 6

మోకాలు వెచ్చగా ఉందంది. చెయ్యి పెట్టి చూశాను. ఎడమది మామూలుగా ఉంది. కుడిది అప్పుడే టీ పోసిన గ్లాసులా ఉంది. జ్వరం లేదు. ఎక్కువ నడిచి ఉంటావు అన్నాను. లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టి మూడు వారాలైంది కదా.

జూన్ 9

కుట్టు మచ్చ కింది చివర తడిగా ఉంది. డాక్టరు నొక్కి చూశాడు. సూది గుచ్చి లోపలి నీరు తీసి రెండు సీసాల్లో పోశాడు. ల్యాబ్‌లో పెంచి చూస్తారట. ఏం పెంచుతారు అని అడిగాను. ఏముంటే అది అన్నాడు.

జూన్ 15

ఒక సీసాలో పెరిగింది. రెండోదాంట్లో ఏమీ లేదు.

దాని పేరు స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు కాబట్టి రాయగలుగుతున్నాను. భయంకరమైనది కాబోలు, ఏ మురికి కాలవలోంచి వచ్చిందో అనుకున్నాను. కాదట. చర్మం మీద ఉండేదేనట. ఎవరి చర్మం మీద అంటే, అందరిదీ అన్నాడు. తనదీ, నాదీ, నిన్న పుట్టిన పాపదీ. సబ్బుతో రుద్దితే పైపైన కొన్ని పోతాయి, వెంట్రుకల కుదుళ్ళలో ఉన్నవి మళ్ళీ పైకి వస్తాయి అన్నాడు. చర్మం మీద ఉన్నంతకాలం ఏ హానీ చేయవట. మంచి కూడా చేస్తాయట.

ముప్పై ఎనిమిదేళ్ళు ఊళ్ళో వాళ్ళ మొహాలు తోమి, తుడిచి, పటిక రుద్ది, శుభ్రం చేసి పంపించాననుకున్నాను.

అయితే డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. సూది చర్మంలోంచే కదా లోపలికి పోయేది, దారిలో దీన్ని అంటించుకుని సీసాలో పడేసి ఉండొచ్చు, అలా తరచూ జరుగుతుంది, అందుకే ఒక్క సీసాను నమ్మకూడదు అన్నాడు. మళ్ళీ తీశాడు. ఈసారి మూడు సీసాలు.

సూది తప్పే అయి ఉంటుంది. సూది తప్పే.

జూన్ 16

ఇవాళ పదకొండు గడ్డాలు. ఒక్కొక్క చెంప మీదా చెయ్యి వేసినప్పుడల్లా అదే ఆలోచన. ఎప్పుడూ వచ్చే పోస్టుమాస్టరు ఏమిటి అలా గుచ్చి గుచ్చి చూస్తున్నావు అని అడిగాడు. మీ మొహం మీద ఎంతమంది ఉన్నారో తెలుసా అనబోయి ఆగిపోయాను.

జూన్ 24, మధ్యాహ్నం 12

మూడు సీసాల్లోనూ అదే.

జూన్ 24, సాయంత్రం 6

ఇప్పుడు రాస్తాను.

సూది తప్పు కాదు. అది మోకాలి లోపలే ఉంది. కాపురం పెట్టేసింది. ఫిబ్రవరిలో కోసినప్పుడే ఏ కొన్నో లోపలికి పోయి ఉంటాయి అన్నాడు డాక్టరు. రక్తం పారే కండరంలో పడితే ఒళ్ళే చంపేసేదట. కానీ లోహానికి రక్తం ఉండదు. దానికి అతుక్కుని, చుట్టూ జిగురు పొర కట్టుకుని, ఆ పొర కింద నిదానంగా పెరుగుతాయట. మందు ఆ పొర లోపలికి సరిగ్గా దిగదు. అందుకే జ్వరం రాదు, గోల ఉండదు, నాలుగు నెలల దాకా తెలియదు.

కాబట్టి లోహం తీసేయాలి. నాలుగు నెలల కిందట పెట్టిన కొత్త మోకాలు తీసేసి, మందు కలిపిన సిమెంటు ముక్క పెట్టి, ఆరు వారాలు నరంలోకి మందు ఎక్కించి, అంతా శుభ్రమైంది అనుకుంటే మళ్ళీ ఇంకో మోకాలు. అనుకోకపోతే? అడిగింది ఆవిడే. కాలు మడత పడకుండా కర్రలా బిగించేయాల్సి రావొచ్చు అన్నాడు. ఆ పైన ఇంకా ఏదో ఉంది, అది ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

ఆవిడ బల్ల మీది ల్యాబ్ కాగితం తీసుకుని మొత్తం చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది. నేను అక్కడ కూర్చున్నాను గాని అక్కడ లేను. నా కళ్ళ ముందు వేరే కాగితం కనిపిస్తోంది. పన్నెండు లైన్లు. ఏడోది.

జూన్ 24, 7:15

ఈ డైరీ ఎవరూ చదవరు. అయినా దీనికి కూడా అబద్ధం చెప్పాను. ఫిబ్రవరి 11న ఒక్క గాటు పడలేదని రాశాను. పడింది. మోకాలి చిప్ప కింద, కుడి పక్క, ఆవగింజంత. ఆవిడ కాలు కదిపిందో, నా చెయ్యే తడబడిందో. బొట్టు రక్తం వచ్చింది. పటికతో అద్దితే ఆగిపోయింది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. చూడలేదు కదా అని ఊరుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ చెయ్యి సొంత పెళ్ళాం కాలు మీద తడబడిందని రాసుకోవడానికి సిగ్గేసింది.

జూన్ 25

ఇవాళ గడ్డాలు చేయలేదు. కటింగ్‌లు మాత్రమే.

జూన్ 26

మా బావమరిది అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆస్పత్రి మీద కంప్లయింట్ రాసుకొచ్చాడు. మూడు పేజీలు. థియేటర్ శుభ్రంగా లేదట. ఆపరేషన్ ముందు కాలు సిద్ధం చేసిన నర్సు పని మీద ధ్యాస లేకుండా నవ్వులాటలో ఉందట. ఆ నవ్వు సంగతి వాడికి చెప్పింది నేనే, ఫిబ్రవరిలో, ముచ్చటగా. ప్రశ్నల నర్సు పేరు కూడా ఎక్కడో కనుక్కుని రాశాడు. ఆమె ఉద్యోగం ఊడేదాకా నిద్రపోను బావా, నువ్వు సంతకం పెట్టు అన్నాడు.

కళ్ళజోడు లేదన్నాను. నీ కళ్ళజోడు నీ నెత్తి మీదే ఉంది అన్నాడు.

పెట్టలేదు. రేపు అన్నాను. వాడు పేజీలు అద్దం ముందు, దువ్వెనల డబ్బా కింద పెట్టి వెళ్ళాడు. రోజంతా అక్కడే ఉన్నాయి. దువ్వెన తీసినప్పుడల్లా నా వైపు చూసినట్టే ఉంది.

జూన్ 27, మధ్యాహ్నం 3

ఆస్పత్రికి వెళ్ళాను. ఒక్కణ్ణే. ఆవిడకు సామాన్ల కోసం వెళ్తున్నానని చెప్పాను.

ప్రశ్నల నర్సు వార్డు చివర మందుల ట్రాలీ దగ్గర ఉంది. నన్ను చూడగానే ముఖం చిన్నబోయింది. మేడమ్ సంగతి తెలిసింది అంకుల్, చాలా బాధేసింది అంది. దాంతో నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయాయి. ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, ఆ ఏడో లైను ఎందుకు రాస్తారమ్మా అని.

ఓపిగ్గా చెప్పింది. ఎంత మంచి బ్లేడయినా, ఎంత పనిమంతుడయినా, చర్మం పైపొరను ఎక్కడో ఒకచోట గీరుతుందట. కంటికి కనపడని గీతలు. ఆపరేషన్ మర్నాడయితే ఆ రాత్రంతా ఆ గీతల్లో సూక్ష్మజీవులు పెరుగుతాయట. కోసే చోటే వాటి గుంపు. తీయక తప్పదనుకుంటే తామే అప్పటికప్పుడు మిషన్‌తో పైపైన కత్తిరిస్తారట, చర్మాన్ని తాకకుండా. గాటే పడితే సర్జన్‌కు చెప్తాం, ఆయన ఆపరేషన్ వాయిదా కూడా వేస్తారు అంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆమే అంది, మీ కేసులో ఆ సమస్య లేదులెండి, నేను మేడమ్‌ను అడిగాను, షేవ్ చేయలేదన్నారు. నమ్మకం లేకపోతే చూడండని పాత ఫైలు తీసి చూపించింది కూడా. లిస్టులో తొమ్మిదో ప్రశ్న, ఇంట్లో షేవ్ చేశారా అని. పక్కన లేదు అని టిక్కు. కింద ఆవిడ సంతకం. గుండ్రటి అక్షరాలు, లైబ్రరీ కార్డుల మీద పెట్టే సంతకమే.

ఇంత నున్నగా ఉందేమిటని కూడా అడిగానంకుల్, పుట్టుకతోనే అంత అన్నారు, ఇద్దరం నవ్వుకున్నాం అంది నర్సు.

ట్రాలీ పట్టుకున్నాను. అబద్ధం ఆడని మనిషి మా ఆవిడ. పుస్తకం ఒక్కరోజు లేటయితే సొంత తమ్ముడి చేత కూడా క్షమాపణ చెప్పించింది. ఆ మనిషి సంతకం పెట్టి మరీ అబద్ధం ఆడింది.

సామాన్లు ఏవీ అని అడిగింది ఇంటికి రాగానే. మర్చిపోయానన్నాను.

జూన్ 28, మధ్యాహ్నం 2

ఆదివారం, గిరాకీ రోజు అయినా షాపు తెరవలేదు. ఇంట్లో ఇద్దరమే.

కంప్లయింట్ కాగితాలు ఆవిడ ఒళ్ళో పెట్టాను. చదివింది, మూడు పేజీలూ. ఇందులో నర్సు తప్పని రాసిందంతా తప్పు అంది. నాకు తెలుసు అన్నాను. మీకేం తెలుసు అంది. అప్పుడు మొత్తం కక్కేశాను. ఏడో లైను చదివానని, చదివీ చేశానని, గాటు పడిందని, పటిక పెట్టి దాచానని. నీ కాలు నేనే పాడు చేశానని. ఏడ్చాను కూడా. రాయడానికి సిగ్గు లేదు ఇప్పుడు.

ఆవిడ అద్దాలు తీసి పక్కన పెట్టింది. ఏడో లైను నేనూ చదివాను అంది.

అసలు నాకు తట్టనే లేదు. మందు డబ్బా మీది అక్షరాలు చదివే మనిషి, పన్నెండు లైన్ల కాగితం చదవదని నేను ఎలా అనుకున్నాను?

గాటు సంగతీ తెలుసు అంది. కాలు నాది కదా అంది.

చదివినదానివి ఎందుకు ఊరుకున్నావు అని అరిచాను. ఈ నాలుగు రోజుల్లో నా మీద నాకున్న కోపమంతా ఆవిడ మీద పడింది. ఆవిడ గొంతు పెంచలేదు. ముప్పై ఒక్క ఏళ్ళయింది మన పెళ్ళయి అంది. ఊరందరి తలకాయలూ పట్టి పట్టి చూస్తారు, ఇంటికొచ్చి కళ్ళు మూసుకుంటారు, నేను పక్కకు తిరిగి మెట్లు దిగుతుంటే నవ్వారు, ఆ రోజు షాపు వదిలేసి వచ్చి, టవల్ వేడి చేసి, నా కాలినే నలభై నిమిషాలు చూశారు, వద్దని చెబితే లేచి వెళ్ళిపోతారు కదా, చెప్పబుద్ధి కాలేదు అంది.

నలభై నిమిషాలు అని నేను ఈ డైరీలోనే రాశాను. ఆవిడా లెక్కపెట్టింది.

మరి నర్సుకు ఎందుకు చెప్పలేదు అన్నాను. చెబితే వెనక్కి పంపేస్తారని భయం, మళ్ళీ ఎనిమిది నెలలు అలా దిగలేను అంది. ఇంకో మాట కూడా అంది. మా ఆయన చేశాడు అని చెప్పి, మీ పనిని ఆమె లిస్టులో తప్పు కింద రాయించలేకపోయాను అంది. లేదు అనేశాను, ఆ లేదుతోనే నా కాలు నేనే పాడు చేసుకున్నాను, ఇందులో మీ తప్పేముంది అంది.

తప్పు నాది అన్నాను. కాదు నాది అంది. వంట మర్చిపోయి ఒంటిగంట దాకా ఇదే తగువు. జీవితంలో మొదటిసారి తప్పు నాదంటే నాదని కొట్టుకున్నాం. మామూలుగా నీదంటే నీదని కొట్టుకుంటాం.

జూన్ 29

బావమరిదికి ఇద్దరం కలిసి చెప్పాం. వాడు కాగితాలు నాలుగు ముక్కలు చేసి, కింద పడిన వెంట్రుకలతో పాటు ఊడ్చేశాడు. సాయంత్రం షట్టర్ దించుతూ ఒక్కమాట అడిగాడు. నేనైనా అదే చేసేవాణ్ణి కదా బావా?

చేసేవాడు. మా పనివాళ్ళం ఎవరమైనా చేసేవాళ్ళం. అదే నాకు భయం పుట్టించింది.

జూలై 1

డాక్టరుకు చెప్పాం. నర్సును కూడా పిలిపించమన్నాను. ఆవిడ నర్సు చెయ్యి పట్టుకుని, ఆ రోజు నీకు అబద్ధం చెప్పానమ్మా, నువ్వు సరిగ్గానే అడిగావు అంది. ఆ పిల్ల బిత్తరపోయింది. తరవాత కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు తిడతాడనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, చెప్పాడు. అది కారణం కావొచ్చు, కాకపోవచ్చు. షేవ్ చేయకపోయినా, మేం మూడుసార్లు మందు పూసినా, కుదుళ్ళ అడుగున ఉన్నవి అన్నీ చావవు, ఆమె చర్మం మీంచే పోయి ఉండొచ్చు, మాలో ఎవరి చర్మం మీంచో రాలి ఉండొచ్చు. అన్నీ సరిగ్గా చేసినా నూటికి ఒకరికి ఇలా అవుతుంది. మీకు ఎందుకు అయిందో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

అంతే. ఫైల్లో రెండు లైన్లు రాసుకున్నాడు.

ఇది నేను ఊహించని దెబ్బ. తప్పు నాదే అంటే మోస్తాను. కాదంటే దించుకుంటాను. ఏమో అంటే దీన్ని ఎక్కడ పెట్టుకోను? బస్సులో ఆవిడను అడిగాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుందాం లెండి అంది. కిటికీ వైపు తిరిగి పడుకుంది. మోకాలు నా మోకాలికి ఆనింది. ప్యాంటు గుడ్డలోంచి కూడా వెచ్చగా తెలుస్తోంది.

జూలై 7

కాగితం కొత్తగా ఇచ్చారు. అవే పన్నెండు లైన్లు. ఆవిడ నా చేత బయటికి చదివించింది. ఏడోది రెండుసార్లు.

వాళ్ళిచ్చిన ఎర్ర సబ్బునీళ్ళతో స్నానం చేసింది. నేను తలుపు బయట టవల్ పట్టుకుని నిలబడ్డాను. తరవాత కిటికీ పక్కన, అదే కుర్చీలో కూర్చుని, కాలు అదే స్టూలు మీద పెట్టింది. కత్తి లేకుండా చూడొచ్చు కదా అంది.

గడియారం చూసుకోలేదు.

జూలై 8, ఉదయం 6:40

ప్రశ్నల నర్సు ఈసారి నన్ను కర్టెన్ లోపలికే రానిచ్చింది. తొమ్మిదో ప్రశ్న నన్నే అడిగింది. చిప్ప కింద, కుడి పక్క, నిన్న కిటికీ దగ్గర లెక్కపెట్టినవి ముప్పైనాలుగు వెంట్రుకలు. ముప్పైనాలుగూ ఉన్నాయమ్మా అన్నాను.